పేరు మిగిలింది, వేళ మిగలలేదు: ఉత్తరాంధ్ర తీరంలో జలచరాల జీవగడియారం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

జలచరాలు వెలుగుచీకట్లను, పోటుపాటులను అనుసరించి నడుచుకొంటాయన్న ఎరుక శ్రీకాకుళం, విజయనగరం తీరాల మత్స్యకారుల వృత్తిజీవనంలో భాగంగా ఉంది. ఇరవయ్యో శతాబ్దంలో జీవశాస్త్రం అదే విషయాన్ని జీవగడియారం అన్న భావనతో నిరూపించింది. ఆ నిరూపణలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన శాస్త్రజ్ఞులకూ పాలు ఉంది. అయినా ఈ రెండు ఎరుకలూ తెలుగు భాషలో ఒకచోట కలవలేదు. ఈ తీరపు చేపల తెలుగు పేర్లు పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలోనే శాస్త్రగ్రంథాలకు ఎక్కగా, ఆ చేపల వేళలకు సంబంధించిన జ్ఞానం నమోదు కాకుండా ఉండిపోయిందని, తీరంలో పెరుగుతున్న కృత్రిమకాంతి నేపథ్యంలో ఆ లోటును పూరించడం తెలుగు పరిశోధకుల బాధ్యత అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: జీవగడియారం, ఉత్తరాంధ్ర తీరం, మత్స్యకారులు, పోటుపాటులు, కంటికాడ హార్మోను, సముద్రతాబేలు, కృత్రిమకాంతి, వృత్తిపదజాలం.

1. ఉపోద్ఘాతం

సూర్యుణ్ణి చూసి తామర విచ్చుకొంటుంది. చంద్రుణ్ణి చూసి కలువ విచ్చుకొంటుంది. చంద్రోదయానికి సముద్రం ఉప్పొంగుతుంది. తెలుగు కావ్యాలతో పరిచయమున్నవారికి ఈ కవిసమయాలు కొత్తవి కావు. నీటిలో పుట్టే పువ్వుకు వేళ తెలుసునని మన కావ్యసంప్రదాయం ఒప్పుకొంది. నీటిలో తిరిగే ప్రాణికి వేళ ఎలా తెలుస్తుందన్నది మాత్రం కావ్యానికి అవసరమైన ప్రశ్న కాలేదు. ఆ ప్రశ్న వేసుకోక తప్పనివారు వేరే ఉన్నారు. వల ఎప్పుడు వెయ్యాలో తెలియకపోతే ఆ పూట పొయ్యి వెలగని మత్స్యకారులు వారు.

ఆధునిక జీవశాస్త్రం ఈ ప్రశ్నకు ఇచ్చిన సమాధానం జీవగడియారం. ప్రాణి శరీరంలో దాదాపు 24 గంటలకొకసారి తిరిగివచ్చే లయ ఒకటి ఉంటుంది. వెలుగు లేని గదిలో ఉంచినా అది కొన్నాళ్లపాటు కొనసాగుతుంది. వెలుగు ఆ లయను పుట్టించదు, సరిదిద్దుతుంది. 1729లో ఫ్రెంచి ఖగోళశాస్త్రజ్ఞుడు ద మైరాన్ అత్తిపత్తి వంటి మొక్కను చీకటిలో ఉంచి, వెలుగు లేకున్నా దాని ఆకులు పగటివేళకు విచ్చుకోవడం గమనించాడు. ఆ పరిశీలన స్థిరమైన శాస్త్రశాఖగా మారడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది. అహోరాత్రలయను సూచించే ‘సర్కేడియన్’ అన్న మాటను ఫ్రాంజ్ హాల్‌బర్గ్ 1959లో ప్రవేశపెట్టాడు.

ఈ చరిత్రను ఉత్తరాంధ్ర తీరం నుంచి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం. శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. విజయనగరం జిల్లా తీరం అందులో ఆరోవంతు కూడా లేదు. ఆ చిన్న తీరమూ భోగాపురం, పూసపాటిరేగ మండలాలకే పరిమితం. డొంకూరు, బారువ, భావనపాడు, కళింగపట్నం, చింతపల్లి, కోనాడ, ముక్కాం వంటి ఊళ్ల మీదుగా సాగే ఈ ఇసుకతీరమే మన పరిశీలనాక్షేత్రం.

2. రెండు గడియల లెక్క

ఈ తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. ఒక పోటుకూ మరుసటి పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అందువల్ల నేటి పోటు రేపు దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. పాత తెలుగు కాలమానంలో గడియ అంటే 24 నిమిషాలు. పోటు రోజుకు రెండు గడియలు వెనక్కు జరుగుతుందని లెక్క వేసుకొంటే, ఆ లెక్కలో తేడా రెండే నిమిషాలు. తిథి తెలిసినవారికి పోటువేళ తెలుస్తుంది. పంచాంగం చేతిలో లేకున్నా ఆకాశంలో చంద్రుడు ఉంటాడు. పున్నమికీ అమావాస్యకూ పోటు హెచ్చు, అష్టమి ప్రాంతాల్లో తగ్గు అన్నది ఈ తీరంలో పసిపిల్లలు కూడా చెప్పే సంగతి.

చంద్రుడు పోటునే కాదు, వెలుగునూ నిర్ణయిస్తాడు. శుక్లపక్షంలో వెన్నెల ముందురాత్రి, కృష్ణపక్షంలో వెనకరాత్రి. ఈ తేడా వేటను శాసిస్తుంది. వెన్నెలలో వల దారాలు చేపకు కనిపిస్తాయి, చీకటిరాత్రి కనిపించవు. అంతకన్నా లోతైన కారణం మరొకటి ఉంది. సముద్రంలోని సూక్ష్మజీవులు పొద్దు వాలగానే పైనీటికి వస్తాయి, తెల్లవారేలోగా లోతుకు దిగిపోతాయి. పగటి వెలుగులో పైన ఉంటే వేటాడే చేపకు చిక్కుతాయి కనుక చీకటే వాటికి రక్ష. నిండు వెన్నెల రాత్రి అవి అంతగా పైకి రావు. వాటిని తినే చేపలు, ఆ చేపలను తినే పెద్ద చేపలు ఆ రాకపోకలను అనుసరిస్తాయి. రెండో ప్రపంచయుద్ధకాలంలో ధ్వనితరంగాలతో లోతు కొలిచే నౌకలకు సముద్రం మధ్యలో ఒక అబద్ధపు అడుగు కనిపించేది. అది పగలు కిందికి దిగి రాత్రి పైకి లేచేది. అది నేల కాదని, అసంఖ్యాకమైన జలచరాల గుంపు అని ఆ తరువాత తేలింది. బరువు పరంగా చూస్తే భూమి మీద ప్రతిరోజూ జరిగే అతిపెద్ద జంతువలస ఇదేనని నేటి శాస్త్రజ్ఞుల మాట.

చీకటిరాత్రి తెప్ప కదిలినప్పుడు, చేపల గుంపు తిరిగినప్పుడు నీరు మిణుగురుల్లా మెరవడం కూడా వేటగాడికి ఆనవాలే. సూక్ష్మజీవులు విడిచే ఆ వెలుగు వెన్నెలలో కనిపించదు. ఈ విధంగా వాడబలిజ, జాలరి కుటుంబాల వృత్తిలో తిథి, జాము, పోటు, చీకటి అన్నవి వేరువేరు విషయాలు కావు, ఒకే లెక్కలోని అంకెలు. జలచరం శరీరంలోని గడియారం ఎలా పనిచేస్తుందో వారు చెప్పకపోవచ్చు. అది ఎంత చూపిస్తోందో చెప్పగలరు.

3. గ్రంథానికి ఎక్కిన పేర్లు

ఈ తీరపు జ్ఞానం పాశ్చాత్యశాస్త్రాన్ని తాకిన తొలి ఘట్టాల్లో ఒకటి ప్యాట్రిక్ రస్సెల్ కృషి. పాముల మీద చేసిన పరిశోధనతో ప్రసిద్ధుడైన ఈ వైద్యుడు 1780లలో విశాఖపట్నంలో ఉండి చేపలను సేకరించి బొమ్మలు గీయించాడు. ఆయన కూర్చిన రెండు వందల చేపల గ్రంథం 1803లో లండన్‌లో రెండు సంపుటాలుగా వెలువడింది. రస్సెల్ చేపలకు స్థానికంగా వాడుకలో ఉన్న పేర్లనే నమోదు చేశాడు. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ పేర్లను లాటిన్ నామకరణంలోకి తీసుకొన్నారు. మన కానాగంత చేప ఇందుకు మంచి ఉదాహరణ. దాని శాస్త్రీయనామం రాస్ట్రెలిగర్ కనగుర్తా. ఆ పేరు పెట్టినవాడు ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు క్యూవియర్. వాల్తేరు ఒడ్డున జాలరి నోట పలికిన మాట పారిస్ మీదుగా ప్రపంచమంతటికీ చేరింది.

ఇక్కడ గమనించవలసిన విశేషం ఒకటి ఉంది. జలచరాలు వెలుగును బట్టి నీటిలో పైకీ కిందికీ తిరుగుతాయన్న తొలి పరిశీలనల్లో ఒకటిగా చరిత్రకారులు పేర్కొనేది కూడా క్యూవియర్ రాసినదే. మంచినీటిలో బతికే డాఫ్నియా అనే సూక్ష్మజీవి పొద్దును బట్టి పైనీటికి రావడాన్ని ఆయన ప్రస్తావించాడు. యూరప్ మంచినీటి పురుగు విషయంలో దాని వేళ గ్రంథానికి ఎక్కింది. ఉత్తరాంధ్ర చేప విషయంలో దాని పేరు మాత్రమే ఎక్కింది. కానాగంత ఏ పక్షంలో ఏ జామున పైకి వస్తుందో చెప్పగలిగినవారు రస్సెల్‌కు చేపలు తెచ్చి ఇచ్చినవారే. నాటి ప్రకృతిశాస్త్రానికి నమూనా కావాలి, పేరు కావాలి, బొమ్మ కావాలి. వేళను సీసాలో భద్రపరచడం వీలు కాదు. పేరుకూ వేళకూ మధ్య ఏర్పడిన ఈ ఎడం తరువాతి రెండు శతాబ్దాలూ కొనసాగింది.

4. ఇసుక పీత నుంచి నోబెల్ బహుమతి దాకా

జీవగడియారశాస్త్రానికి పీత చేసిన ఉపకారం పెద్దది. అమెరికాలో ఫ్రాంక్ బ్రౌన్, మార్గరీట్ వెబ్ అనే శాస్త్రజ్ఞులు ఫిడ్లర్ పీత మీద చేసిన ప్రయోగాలను 1948లో ప్రకటించారు. ఈ పీత పగలు ముదురురంగులో, రాత్రి లేతరంగులో ఉంటుంది. చీకటిగదిలో ఉంచినా ఆ మార్పు వేళ తప్పలేదు. ఉష్ణోగ్రత 6 నుంచి 26 డిగ్రీల మధ్య ఎంత ఉన్నా లయ వేగం మారలేదు. వేడికి రసాయనచర్యలు వేగం పుంజుకోవడం సాధారణం. శరీరంలోని గడియారం మాత్రం వేడికి తొందరపడదు. గడియారం అన్న పోలిక పీతకు నప్పడానికి ముఖ్యకారణం ఇదే.

బ్రౌన్ శిష్యుడు మిల్టన్ ఫింగర్‌మన్ న్యూ ఆర్లియన్స్‌లోని టులేన్ విశ్వవిద్యాలయంలో ఈ పరిశోధనను ముందుకు తీసుకుపోయాడు. ఆయనతో కలిసి పనిచేసినవారిలో ఇద్దరు వాల్తేరు నుంచి వెళ్లినవారు. ఒకరు రాచకొండ నాగభూషణం. చెక్కను తొలిచే సముద్రజీవుల మీద వాల్తేరులో పరిశోధన చేసిన ఆయన తరువాత ఔరంగాబాదులోని మరాఠ్వాడా విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. రెండోవారు కె. రంగారావు. ఆయన ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఉండగా పరిశీలించినది మన తీరమంతటా బొరియలు చేసుకొని బతికే ఇసుక పీతను. దాని రంగుమార్పు, పెంకు విడవడం, వెలుగుకూ హార్మోన్లకూ దాని వర్ణకణాలు స్పందించే తీరు ఆయన తొలి పరిశోధనాంశాలు.

రంగారావు తరువాత ఫ్లోరిడాలోని పెన్సకోలాలో వెస్ట్ ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డారు. 1985లో ఆయన, సహపరిశోధకులు ఫిడ్లర్ పీత కంటికాడలోని ఒక హార్మోను నిర్మాణాన్ని వెల్లడించారు. అది 18 అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. వర్ణకణంలోని రంగురేణువులను విస్తరింపజేసి పీతను ముదురురంగుకు మార్చడం దాని పని. ఇలాంటి హార్మోనునే 1976లో ఫెర్న్‌లుండ్ ఉత్తరసముద్రపు రొయ్యలో గుర్తించాడు. రొయ్య కన్నును పగటి వెలుగుకు సర్దేది అదే. 1987లో రంగారావు బృందం ఇదే కుటుంబానికి చెందిన పదార్థాన్ని మిడతలో కనుగొంది. మిడతకు పీతలాగా రంగుమార్చే వర్ణకణాలు లేవు. మరి ఆ పదార్థానికి అక్కడ పని ఏమిటి?

సమాధానం ఈగ మెదడులో దొరికింది. పీత హార్మోనును గుర్తించే ప్రతిరక్షకాలతో పండ్ల ఈగ మెదడుకు రంగు వేసి చూసినప్పుడు, దాని గడియారానికి సంబంధించిన నాడీకణాలు బయటపడ్డాయి. ఈ విషయం 1993లో హెల్ఫ్రిష్, హోంబెర్గ్ ప్రకటించారు. 1999లో మరో బృందం ఆ పదార్థాన్ని తయారుచేసే జన్యువు దెబ్బతిన్న ఈగలు నిరంతర చీకటిలో తమ లయను నిలుపుకోలేవని చూపింది. మెదడులోని గడియారకణాలు ఒకదానితో ఒకటి వేళ చెప్పుకొనే భాష ఆ చిన్న గొలుసే. ఆ పత్రం రచయితల్లో జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్ ఉన్నారు. మైకేల్ యంగ్‌తో పాటు వీరికి 2017లో జీవగడియారం యంత్రాంగాన్ని వివరించినందుకు నోబెల్ బహుమతి లభించింది. బహుమతి ఈగ జన్యువులపై జరిపిన పరిశోధనకు వచ్చిందన్నది నిజమే. ఆ గడియారపు సందేశవాహకాన్ని గుర్తించే దారి మాత్రం పీత కంటికాడ గుండా వచ్చింది. ఆ దారిలో నడిచినవారిలో వాల్తేరు ఇసుక మీద పని నేర్చుకొన్న శాస్త్రజ్ఞుడు ఒకరు.

పోటుపాటుల లయ విషయంలోనూ ఇలాంటి పేరు ఒకటి ఉంది. తరువాతి కాలంలో తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్ర ఆచార్యులైన కె. పంపాపతిరావు 1954లో అమెరికా నుంచి ఒక పరిశోధన ప్రకటించారు. నీటిని వడకట్టి ఆహారం తీసుకొనే ఆల్చిప్పజాతి జీవి, పోటు తగలని ప్రయోగశాల తొట్టెలో కూడా పోటువేళకు తన వేగం పెంచుకొంటుందని, చోటు మారిస్తే కొత్త చోటి పోటుకు అలవాటుపడుతుందని ఆయన చూపారు. 1965లో ఎం.కె. చంద్రశేఖరన్ మద్రాసు తీరపు ఇసుకలో బతికే ఎమెరిటా అనే జీవిలో పోటులయ, దినలయ రెండూ ఉన్నాయని నిరూపించారు. రోజుకు రెండు గడియల లెక్క జంతుశరీరంలోనే ఉందని తేల్చిన పరిశోధనలివి. ఇవన్నీ వెలువడినది ఆంగ్లంలో. కోనాడ జాలరికీ వాల్తేరు ప్రయోగశాలకూ మధ్య దూరం ఒక పూట ప్రయాణమే అయినా, భాషలో ఆ దూరం దాటలేనిదిగా ఉండిపోయింది.

5. రొయ్య కన్ను

1980ల చివర సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ విశాఖపట్నం ప్రాంతంలో టాస్‌పార్క్ పేరుతో రొయ్యపిల్లల ఉత్పత్తికేంద్రాన్ని నెలకొల్పింది. తరువాత విశాఖ, భీమిలి, భోగాపురం తీరం వెంట హేచరీలు వచ్చాయి. కంటికాడ శాస్త్రం ప్రయోగశాల దాటి ఈ తీరపు జీవనోపాధిలోకి ప్రవేశించినది ఇక్కడే.

తొట్టెలో ఉంచిన తల్లిరొయ్య అంత తేలికగా గుడ్డు కట్టదు. గుడ్డు పెరుగుదలను ఆపే హార్మోను కంటికాడలో తయారవుతుందని పానూజ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1943లో చూపాడు. ఆ ఆధారంతో హేచరీల్లో తల్లిరొయ్య కంటికాడల్లో ఒకదాన్ని తొలగించే పద్ధతి ప్రపంచమంతటా వాడుకలోకి వచ్చింది. అలా చేసిన రొయ్య కొన్ని రోజుల్లోనే గుడ్డుకు వస్తుంది. వెలుగు తక్కువగా ఉన్న గదిలో ఉంచడం, పగలూరాత్రీ నిడివిని దీపాలతో నియంత్రించడం, రాత్రివేళ గుడ్లు పెట్టే తల్లులను టార్చిలైటుతో వెతకడం హేచరీల్లో నిత్యకృత్యాలు.

దీని అర్థం తేటగా చెప్పుకోవాలి. రొయ్యకు కన్ను చూసే అవయవం మాత్రమే కాదు, కాలాన్ని శరీరానికి తెలియజేసే అవయవం కూడా. పెంకు ఎప్పుడు విడవాలి, గుడ్డు ఎప్పుడు కట్టాలి, రంగు ఎప్పుడు మార్చాలి అన్న ఆజ్ఞలు ఆ కాడలోనే పుడతాయి. దాన్ని తీసివేయడం రొయ్యకు కాలంతో ఉన్న ఒప్పందాన్ని సగం రద్దు చేయడమే. ఈ పనిలో రోజుకూలీలుగా ఉన్నవారిలో మత్స్యకార కుటుంబాలవారూ ఉంటారు. సముద్రంలో రొయ్య వేళ కోసం కాచుకొన్న కుటుంబమే తొట్టెలో రొయ్య వేళను మార్చే పనికి కుదురుకొంది. ఈ మార్పుపై సామాజికచరిత్ర దృష్టి ఇంకా పడవలసి ఉంది.

6. ఒడ్డు మీది వెలుగు

ఈ తీరంలో రాత్రివేళ నిలకడగా వెలిగిన తొలి కృత్రిమకాంతుల్లో ఒకటి శాంతపల్లి దీపస్తంభం. నేటి పూసపాటిరేగ మండలం చింతపల్లి సమీపాన, సముద్రంలోని ప్రమాదకరమైన రాళ్లను నావికులకు సూచించడానికి 1847లో దానిని నిర్మించారు. ఆ వెలుగు సముద్రం మీద ఉన్నవారి కోసం. నేడు తీరంలో పెరుగుతున్న వెలుగు నేల మీద ఉన్నవారి కోసం. వీధిదీపాలు, విడిదిగృహాలు, హేచరీలు, రేవుపనులు ఒడ్డును రాత్రంతా వెలిగిస్తున్నాయి. 2023లో మూలపేట ఓడరేవుకు, భోగాపురం విమానాశ్రయానికి శంకుస్థాపనలు జరిగాయి. అభివృద్ధి అవసరాన్ని ఈ వ్యాసం కాదనడం లేదు. ఆ వెలుగు ఎవరి వేళను చెరుపుతోందన్నదే ఇక్కడి ప్రశ్న.

ఆలివ్ రిడ్లే తాబేళ్లు శీతకాలం చివర నుంచి ఈ తీరపు ఇసుకలో గుడ్లు పెడతాయి. 45 నుంచి 60 రోజుల్లో పిల్లలు గుడ్డు చీల్చుకొని వస్తాయి. అవి వెంటనే ఇసుక పైకి రావు. పైపొర చల్లబడేదాకా లోపలే ఆగి, చాలావరకు రాత్రిపూట ఒక్కుమ్మడిగా బయటపడతాయి. చల్లని ఇసుకే వాటికి రాత్రి అయిందన్న కబురు. పైకి వచ్చాక సముద్రం ఎటు ఉందో చెప్పేది వెలుగు. సహజంగా చీకటిరాత్రి నేలవైపు కన్నా నీటివైపు దిగంతం తెల్లగా ఉంటుంది. ఆ తెలుపు వైపు పిల్ల పాకుతుంది. ఒడ్డున దీపం ఉంటే పిల్ల దీపం వైపు పాకి, నక్కలకో కుక్కలకో మరునాటి ఎండకో బలి అవుతుంది.

ఈ ముప్పును శాస్త్రీయంగా పరిశీలించిన స్థలం మన సరిహద్దుకు ఆవల, ఒడిశా గంజాం జిల్లాలోని రుషికుల్యా. 1936 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ తీరంలో తెలుగు మాట్లాడే నోళియా మత్స్యకారులు నేటికీ ఉన్నారు. తాబేళ్లు అక్కడ సామూహికంగా గుడ్లు పెడుతున్న సంగతి 1994లో శాస్త్రలోకానికి తెలిసింది. దివ్యా కర్నాడ్, కార్తీక్ శంకర్, వారి సహచరులు అక్కడ జరిపిన పరిశోధన 2009లో వెలువడింది. పిల్లలు తీవ్రమైన వెలుగుకు, ముఖ్యంగా నీలం వైపున్న వెలుగుకు ఎక్కువగా ఆకర్షితమవుతాయని, ఒడ్డుకు తగిన దూరంలో సరుగుడు తోపు దీపాలను అడ్డగిస్తే సముద్రం దారి పట్టగలవని అది సూచించింది. సరుగుడు ఉత్తరాంధ్ర తీరంలోనూ విస్తారంగా పెరిగే చెట్టు. అయితే అది ఒడ్డుకు మరీ దగ్గరగా పెరిగితే తాబేలు గుడ్లు పెట్టే చోటు తగ్గిపోతుంది. చెట్టు నాటేముందు దూరం కొలవాలి.

నీటి మీది వెలుగుకూ ఇదే చరిత్ర. చేప దీపానికి చేరుతుందన్న ఎరుక పాతదే. ఆ ఎరుక ప్రబలమైన ఎల్‌ఈడీ దీపాల చేతికి వచ్చినప్పుడు చీకటిపక్షం, వెన్నెలపక్షం అన్న తేడాయే చెరిగిపోయే స్థితి వచ్చింది. చేపకు ఊపిరి తీసుకొనే చీకటి లేకుండా పోయింది. 2017 నవంబరులో కేంద్రప్రభుత్వం దేశ ఆర్థికమండలి జలాల్లో ఎల్‌ఈడీ దీపాలతో వేటను నిషేధించింది. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పుతీరంలో 61 రోజుల వేటవిరామం ఇప్పటికే అమలులో ఉంది. అంటే జలచరానికి ఏడాదిలో ఒక వేళ ఉందని చట్టం ఒప్పుకొంది. ఒడ్డు మీద దానికి ఒక రాత్రి కూడా ఉందని ఒప్పుకోవడం మిగిలింది.

7. ముగింపు

వేటవిరామం ఏటా ముగుస్తుంది, మత్స్యకారులందరూ తమ సముద్రానికి తిరిగిరారు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్లి పాకిస్తాన్ అధికారులకు పట్టుబడిన మన మత్స్యకారుల్లో అధికులు శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారు. 2020 జనవరిలో విడుదలై ఇళ్లకు చేరారు. ఆ సంఘటన వలసబతుకుల కష్టంగా చర్చకు వచ్చింది. అందులో మరో నష్టం కూడా ఉంది. పరాయి తీరంలో యంత్రపుపడవ మీద కూలికి వేటాడే యువకుడికి తన ఊరి సముద్రపు జాములు తెలుసుకొనే అవసరం ఉండదు. తండ్రి నోటిలో ఉన్న లెక్క కొడుకు చేతికి రాదు.

ఈ లెక్కను నమోదు చేసే పద్ధతి మనకు తెలియనిది కాదు. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన మాండలిక వృత్తిపదకోశం వ్యవసాయ సంపుటం, ఊరూరా తిరిగి వృత్తికారుల నోటి నుంచే మాట సేకరించే దారి చూపింది. అదే దారిలో ఈ తీరపు ఊళ్లలో తిథివారీగా, జామువారీగా, చేపవారీగా వేళల పదజాలాన్ని సేకరించాలి. ఏ చేప పేరు ఏమిటన్న ప్రశ్న రస్సెల్ అడిగాడు. అది ఎప్పుడు వస్తుంది, ఎందుకు అప్పుడే వస్తుంది, ఇప్పుడు ఎందుకు రావడం లేదు అన్న ప్రశ్నలు మనం అడగాలి. ఈ పనికి తెలుగుశాఖ ఒక్కటే చాలదు, జంతుశాస్త్రశాఖ తోడు కావాలి. ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ విశ్వవిద్యాలయం నుంచి సముద్రం ఎంతో దూరం లేదు. మత్స్యకార కుటుంబాల నుంచి వచ్చి డిగ్రీ తరగతుల్లో కూర్చొంటున్న విద్యార్థులే ఈ సేకరణకు తొలి సహాయకులు కాగలరు. వారి ఇళ్లలో ఇంకా చెప్పగలిగినవారు ఉన్నారు. ఆ మాటలు చేతికి వస్తే, తాబేళ్ల పిల్లలు వచ్చే నెలల్లో ఏ ఊరి ఒడ్డున ఏ జామున దీపం తగ్గించాలో నిర్ణయించడానికి ఒక స్థానిక ఆధారం దొరుకుతుంది. అప్పుడు కానాగంత పేరు ఎక్కిన చోటికి దాని వేళ కూడా ఎక్కుతుంది.